ట్రాన్స్‌జెండర్లకు వేదిక మీద చోటు లేదా?

సంపాదకుల గారికి,

గత వారం మీ జిల్లా పేజీలో ట్రాన్స్‌జెండర్ల సంక్షేమ సదస్సు వార్త చదివాను. ఫొటో చూసి ఒళ్లు మండింది. అధికారులు, స్వచ్ఛంద సంస్థల పెద్దలు వేదిక నిండా ఉన్నారు. సభ ఎవరి కోసమో వాళ్లు మాత్రం చివరి వరుసల్లో కూర్చున్నారు. వాళ్లలో ఒక్కరు మాట్లాడినట్టు కూడా వార్తలో లేదు.

శ్రీకాకుళం జిల్లాలో హెచ్‌ఐవీ నివారణ పని చాలాకాలం చేశాను కాబట్టి రాస్తున్నాను. రాత్రిపూట బస్టాండుల దగ్గర నిలబడి, భయపడేవాళ్లను బతిమాలి రక్తపరీక్షకు తీసుకొచ్చేది ట్రాన్స్ మహిళలే. అయినా ఎన్నేళ్లు చేసినా వాళ్లు పీర్ ఎడ్యుకేటర్లే, అంటే తోటివాళ్లకు అవగాహన కల్పించే కింది స్థాయి కార్యకర్తలే. మేనేజరు పోస్టు ఖాళీ అయితే బయటి మనిషిని తెస్తారు. మా సంస్థలో ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) చదివిన ట్రాన్స్ అమ్మాయి ఒకరు ఉండేది. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు మా జిల్లా ఉద్దానం ప్రాంతంలో కొబ్బరి, జీడిచెట్లు కూలి దారులు మూసుకుపోయాయి. పడిన మొద్దులు దాటుకుంటూ వెళ్లి, ఏ ఇంటికి ఎన్ని కిలోల బియ్యం ఇచ్చామో రూళ్ల పుస్తకంలో వేలిముద్రలతో సహా రాసి తెచ్చింది ఆ పిల్లే. మేనేజరు పోస్టు అడిగితే, ‘దాతలొస్తే ఈమెను ఎలా చూపిస్తాం?’ అన్నారు కమిటీలో. మానేసి విశాఖ వెళ్లిపోయింది.

ట్రాన్స్‌జెండర్లను థర్డ్ జెండర్‌గా గుర్తిస్తూ నాల్సా కేసులో సుప్రీంకోర్టు తీర్పు 2014లోనే వచ్చింది. నియామకాల్లో, పదోన్నతుల్లో వివక్ష చూపకూడదని 2019 నాటి ట్రాన్స్‌జెండర్ల హక్కుల చట్టంలో స్పష్టంగా ఉంది. ఛత్తీస్‌గఢ్‌లోని రాయగఢ్ జనం 2015లో ట్రాన్స్ మహిళ మధు కిన్నర్‌ను మేయరుగా గెలిపించుకున్నారు. కర్ణాటక జానపద అకాడమీకి ట్రాన్స్ మహిళ, జానపద కళాకారిణి మంజమ్మ జోగతి అధ్యక్షురాలయ్యారు. మన దగ్గర సేవాసంస్థకు మేనేజరుగా కూడా పనికిరారా?

అధికారులను అడిగితే నెలకు పింఛను రూ.4,000 ఇస్తున్నామంటారు. పింఛను కావలసిందే, కాదనను. కానీ సోమవారం అర్జీలు తీసుకునే గ్రీవెన్సుకు వెళ్తే ఆడవాళ్ల వరుసలోనూ, మగవాళ్ల వరుసలోనూ కసురుకుంటారు. ఇది వీళ్లొక్కరి గోడూ కాదు. సవర గిరిజనుల మీద సమావేశం పెడితే సవర భాష వచ్చినవాళ్లు వేదిక మీద ఉండరు. దివ్యాంగుల సభ మెట్లెక్కాల్సిన హాలులో పెడతారు. అడిగేవాళ్లు లేకపోబట్టే సభలు పెట్టేవాళ్లు ఇలా తయారయ్యారు.

ట్రాన్స్‌జెండర్ల పేరుతో నిధులు తీసుకునే ప్రతి సంస్థా తన కార్యవర్గంలో, జీతం ఉన్న పెద్ద పోస్టుల్లో వాళ్లు ఎందరున్నారో నోటీసుబోర్డు మీద పెట్టాలి. అది చూశాకే కలెక్టరు గారు తదుపరి విడత నిధులకు సంతకం చేయాలి. ఇకమీదట ఇలాంటి సభలకు వెళ్లే మీ విలేకరులు కూడా చివరి వరుస దాకా వెళ్లి వాళ్లేమంటున్నారో రాయండి.

- ఒక పాఠకురాలు, పలాస