సెన్సర్ వణుకుకు సగటు ఒక్కటే మందు కాదు

సంపాదకులకు నమస్కారం.

ప్యూర్ డేటా, మ్యాక్స్ లాంటి సాఫ్ట్‌వేర్లలో తెరమీది డబ్బాలను తీగలతో కలిపి, సెన్సర్ అంకెలతో శబ్దం పుట్టించేవారికి తొలి తలనొప్పి సెన్సర్ వణుకు. చెయ్యి కదలకపోయినా అంకె 512, 515, 510 అంటూ ఊగుతూనే ఉంటుంది, స్వరమూ దాంతోపాటే వణుకుతుంది. చాలామంది వెంటనే సగటు తీసేస్తారు. కానీ ఐదు రీడింగుల్లో నాలుగు 500 ఉండి, ఒక్కటి పొరపాటున 1023 వచ్చిందంటే సగటు 604 దాటిపోతుంది. అవే ఐదింటినీ వరుసగా పేర్చి నడిమిది తీసుకుంటే 500 వస్తుంది. అందుకే ముందు ఈ నడిమి విలువ, అంటే మధ్యగతం, ఆ తర్వాతే మిగిలిన ఊగుడును నునుపు చేయడం.

నునుపుకు లెక్క కట్టే ఎక్స్‌ప్రెషన్ (expr) డబ్బా ఒక్కటి చాలు. కొత్త విలువలోంచి పాతది తీసేసి, ఆ తేడాలో 0.2 వంతును పాతదానికి కలపాలి. ఫలితాన్ని తిరిగి ఆ డబ్బా కుడి ఇన్‌లెట్‌కే (విలువ లోపలికి వెళ్లే చోటుకే) ఇవ్వాలి. ఎడమదానికిస్తే అది ఆగకుండా చుట్టు తిరిగి స్టాక్ ఓవర్‌ఫ్లో అనే ఎర్రర్ వస్తుంది. సెకనుకు 50 రీడింగులైతే దాదాపు 90 మిల్లీసెకన్లలో మార్పు 63 శాతం పూర్తవుతుంది. 0.05కు తగ్గిస్తే అదే 390 అవుతుంది. వాయిద్యం చేతికి వెనకబడినట్టు తెలిసిపోతుంది. నెమ్మదిగా మారే కాంతి సెన్సర్‌కైతే ఫరవాలేదు.

ఇంత చేసినా శబ్దం గరగరమంటే సెన్సర్‌ను తిట్టకండి. విలువ 20 మిల్లీసెకన్లకోసారి మెట్టులా దూకుతోంది, ముఖ్యంగా వాల్యూమ్ దగ్గర అది స్పష్టంగా వినిపిస్తుంది. విలువను నేరుగా వాల్యూమ్ మార్చే గుణకారం డబ్బాకు ఇవ్వకుండా, మధ్యలో లైన్ టిల్డా (line~) డబ్బా పెట్టి, విలువ 25 మిల్లీసెకన్లలో మెల్లగా మారేలా వాలు ఇవ్వండి. వాలు రెండు రీడింగుల మధ్య వ్యవధి కన్నా తక్కువైతే మెట్లు మళ్లీ బయటపడతాయి.

— ఒక పాఠకుడు