మంత్రి గారూ, ఆ కందిగింజంత ముక్కను ఫ్రీజర్‌లో పెట్టించండి

గౌరవనీయులైన తెలంగాణ ఆరోగ్యశాఖ మంత్రి గారికి నమస్కారం. పేగు, కడుపు క్యాన్సర్ ఆపరేషన్లలో తీసే కణితి నుంచి కందిగింజంత ముక్కని గడ్డకట్టించి దాచమని అడగడానికి ఈ ఉత్తరం.

నేను హైదరాబాదులో ఒక ఆస్పత్రి హిస్టోపాథాలజీ ల్యాబులో, అంటే ఒంట్లోంచి తీసిన ముక్కల్ని పరీక్షించే ల్యాబులో టెక్నీషియన్‌ని. ఆపరేషన్ థియేటర్ నుంచి ఫార్మలిన్ (ముక్క కుళ్లకుండా ఉంచే మందు) డబ్బాల్లో వచ్చే పేగు ముక్కల్ని, కడుపు ముక్కల్ని మైనం దిమ్మల్లో బిగించి, పల్చగా కోసి, స్లైడు చేసి డాక్టరు గారి టేబుల్ మీద పెట్టడం నా పని. పద్నాలుగేళ్లుగా ఇదే చేస్తున్నాను. మూడేళ్ల కింద ఒకరోజు వచ్చిన డబ్బా మీద మా చిన్నాన్న పేరుంది. ముక్కని పెట్టే చిన్న ప్లాస్టిక్ క్యాసెట్ మీద నంబరు నేనే రాశాను, పెన్సిల్‌తో, ఎందుకంటే పెన్ను సిరా జైలీన్ అనే ద్రావకంలో కొట్టుకుపోతుంది.

చిన్నాన్న మిర్యాలగూడ దగ్గర రైసుమిల్లు లారీ తోలేవాడు. మలంలో రక్తం పడుతోందని చెబితే మొలలన్నారు, పూత మందు ఇచ్చారు, కారం తగ్గించమన్నారు. ఇంకోచోట గ్యాస్ అన్నారు. అలా ఎనిమిది నెలలు గడిచాయి, ఒక్కరు కూడా మలపరీక్ష రాయలేదు. చివరికి పేగు మూసుకుపోయి ఎమర్జెన్సీలో కోసేసరికి పేగు క్యాన్సర్ లివర్‌కి పాకిపోయింది. పేరు పెట్టి ఎవర్నీ తిట్టడానికి రాయడం లేదు, ఆ దిమ్మ ముందు కూర్చున్నప్పుడు నాకు అర్థమైన ఒక సంగతి మీకు చెప్పాలని రాస్తున్నాను.

మన ఒంట్లో దాదాపు ప్రతి కణంలోనూ మైటోకాండ్రియా ఉంటాయి కదా, కణానికి శక్తినిచ్చే ఏటీపీ అనే పదార్థాన్ని తయారుచేసేవి. (ఆ ఏటీపీని 1929లో కనిపెట్టినవాళ్లలో మన భీమవరం యల్లాప్రగడ సుబ్బారావు గారు ఒకరు.) వాటి లోపలి పొరలో కార్డియోలిపిన్ అనే కొవ్వు ఉంటుంది. కణాల పొరల్లో ఉండే మామూలు కొవ్వుకి (ఫాస్ఫోలిపిడ్‌కి) రెండు కొవ్వు గొలుసులుంటే దీనికి నాలుగు. ఆ గొలుసుల పొడవు, వాటి తీరు కణాన్ని బట్టి మారతాయి, కణం జబ్బుపడితే కూడా మారతాయి. ఎలుకల మెదడు కణితుల్లో ఈ కొవ్వు తేడాగా ఉందని 2008లో బోస్టన్ పరిశోధకులు చూపించారు. అన్నవాహిక, కడుపు, పెద్దపేగు క్యాన్సర్లలో కూడా కణాల కొవ్వుల తీరు మారుతుందని, దాన్ని పట్టుకుంటే జబ్బును ముందే గుర్తించే మార్గం దొరకవచ్చని ఇప్పుడు ల్యాబులు వెతుకుతున్నాయి. ఇంకా వెతుకుతున్న దశే. పరీక్ష రేపే వచ్చేస్తుందని నేను అనడం లేదు.

కొవ్వుతో జబ్బు కనిపెట్టడం ఏమిటి అనిపించవచ్చు. కానీ ఇది కొత్త కాదండీ. గర్భిణులకు మొదటి చెకప్‌లో రాసే వీడీఆర్‌ఎల్ పరీక్ష ఉంది కదా, సిఫిలిస్‌కి చేసేది, అందులో వాడేది ఈ కార్డియోలిపినే. 1941లో అమెరికాలో మేరీ పాంగ్‌బోర్న్ అనే శాస్త్రవేత్త దాన్ని ఆవు గుండె నుంచి వేరుచేశారు. బార్త్ సిండ్రోమ్ అనే అరుదైన పిల్లల జబ్బునైతే ఎండిన రక్తపు చుక్కలో ఈ కొవ్వు తీరు చూసి నిర్ధారిస్తున్నారు. లండన్ ఇంపీరియల్ కాలేజీ వాళ్లు 2013లో చూపించిన ఐనైఫ్ అనే ఆపరేషన్ కత్తి ఇంకో అడుగు ముందుకెళ్లింది. సర్జన్ కోస్తుంటే లేచే పొగలోని కొవ్వుల్ని చదివి, కత్తి కింద ఉన్నది కణితా మామూలు కండా అని అక్కడికక్కడే చెప్పడం దాని పని. పేగు క్యాన్సర్‌కి మనం ఇప్పటికీ రాసే రక్తపరీక్ష సీఈఏ అనే ప్రోటీన్‌ని కొలుస్తుంది, దాన్ని కనిపెట్టింది 1965లో. ఆపరేషన్ తర్వాత జబ్బు తిరగబెడుతోందా అని చూడ్డానికి అది బాగా పనికొస్తుంది గానీ, ముందుగా పట్టుకోవడానికి కాదు. పొగతాగేవాళ్లలో జబ్బు లేకపోయినా పెరుగుతుంది.

ఇక మా ల్యాబులో జరిగేది చెబుతాను. ముక్క రాగానే ఫార్మలిన్‌లో నానుతుంది, తర్వాత ఆల్కహాల్, తర్వాత జైలీన్, తర్వాత దాదాపు 60 డిగ్రీల్లో కరిగిన మైనం. మైనం లోపలికి ఎక్కాలంటే నీళ్లు పోవాలి, కొవ్వు పోవాలి. జైలీన్ గిన్నెలోకి దిగిన ముక్క గాజులాగా మెరుస్తూ బయటికొస్తుంది, చూడ్డానికి ఎంతో అందంగా ఉంటుంది, అప్పటికి దాని కొవ్వు చాలావరకు గిన్నెలోనే కరిగిపోయి ఉంటుంది. అందుకే స్లైడు మీద కొవ్వు కనబడాలంటే పచ్చి ముక్కని గడ్డకట్టించి కోయమని మాకు డిప్లొమాలోనే నేర్పారు. మా చిన్నాన్న మైనం దిమ్మ ఇవాళ్టికీ బీరువాలో ఉంది. ఎవరైనా పరిశోధకులొచ్చి అడిగితే డీఎన్‌ఏ కొంతైనా దొరుకుతుంది, ఆయన మైటోకాండ్రియా కొవ్వు గురించి మాత్రం దాదాపు ఏమీ చెప్పలేం. రాష్ట్రంలో ఏటా తీసే పేగు, కడుపు కణితులన్నీ ఇదే దారిలో పోతున్నాయి, ఎక్కడో ఒకటీ అరా తప్ప.

బయటి దేశాల్లో కనిపెడతారు, మనం కొనుక్కుందాం అంటారేమో. ఈ ఒక్క విషయంలో అది కుదరదు. కార్డియోలిపిన్‌లోకి ఏ గొలుసులు చేరతాయన్నది మనం తినే నూనెని బట్టి కూడా మారుతుంది. మనది పల్లీ నూనె, పామాయిల్, తవుడు నూనె, సన్‌ఫ్లవర్. జపాన్‌లోనో ఇటలీలోనో ఆరోగ్యంగా ఉన్న మనిషి లెక్కను తెచ్చి నల్గొండ మనిషికి పెడితే ఏది జబ్బు వల్లో ఏది వంటనూనె వల్లో ఎలా తేలుతుంది? మనవాళ్ల మామూలు లెక్క మనమే కట్టుకోవాలి.

కాబట్టి నేనడిగేది ఇది. ప్రభుత్వ ఆస్పత్రుల్లో అన్నవాహిక, కడుపు, పేగు క్యాన్సర్ ఆపరేషన్ జరిగిన ప్రతిసారీ రోగి ఒప్పుకుంటే కణితి నుంచి కందిగింజంత, పక్కనున్న మంచి కండ నుంచి ఇంకో కందిగింజంత, డాక్టరు గారి రిపోర్టుకి ఏ లోటూ రాకుండా తీసి, అరగంటలోపు లిక్విడ్ నైట్రోజన్‌లో ముంచి మైనస్ 80 ఫ్రీజర్‌లో పెట్టమని ఉత్తర్వు ఇవ్వండి. పరగడుపు రక్తం ఒక ట్యూబు, ఇంట్లో ఏ నూనె వాడతారో ఒక లైను దానికి జతచేయించండి. అంతే. ఫ్రీజర్‌కి జనరేటర్ లైను తప్పకుండా ఇవ్వాలి, ఎండాకాలం ఒక్క రాత్రి కరెంటు పోతే ఏడాది కష్టం నీళ్లపాలు. రెడ్‌హిల్స్‌లో 1955 నుంచి నడుస్తున్న ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రి ఉంది, తార్నాకలో ఐఐసీటీ అనే రసాయన పరిశోధన సంస్థ వాళ్ల మాస్ స్పెక్ట్రోమెట్రీ (అణువుల బరువు చూసి కొవ్వుల్ని గుర్తుపట్టే పద్ధతి) కేంద్రం ఉంది, రెండూ ఒకే ఊళ్లో ఉన్నాయి. ఈ రకం కొవ్వుల్లో ఉండే ఫాస్ఫరస్‌ని కొలవడానికి తరతరాలుగా వాడిన పద్ధతి కూడా 1925లో ఫిస్కే అనే అమెరికా శాస్త్రవేత్తతో కలిసి సుబ్బారావు గారు ఇచ్చిందే. ఇంకా దేనికి ఆగాలి సార్?

ఇంకొకటి, ఇది ముక్కలూ ఫ్రీజర్లూ వచ్చేదాకా ఆగకూడనిది. 30 ఏళ్లు దాటినవాళ్లకి ఊళ్లలో చేస్తున్న స్క్రీనింగులో నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లే ఉన్నాయి. పేగు లేదు, కడుపు లేదు. 2022లో ప్రపంచం మొత్తం మీద పెద్దపేగు క్యాన్సర్ 19 లక్షల మందికి పైగా వచ్చింది, 9 లక్షల మందికి పైగా పోయారు. మలంలో కంటికి కనబడని రక్తాన్ని పట్టే ఫిట్ పరీక్షని జపాన్ 1992 నుంచి దేశమంతా చేస్తోంది. పుల్లతో కాస్త మలం తీసి చిన్న సీసాలో పెట్టి ఇస్తే చాలు. 50 దాటినవాళ్లకి ముందు రెండు జిల్లాల్లో మొదలుపెట్టించండి, పాజిటివ్ వచ్చినవాళ్లకి కొలనోస్కోపీ (గొట్టం కెమెరాతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష) ఎక్కడ చేస్తారో ఆ చీటీ మీదే రాసివ్వండి. మలం గురించి మాట్లాడ్డానికి జనం సిగ్గుపడతారు, నిజమే, మా చిన్నాన్న కూడా పిన్నికి చెప్పడానికే నెలరోజులు తీసుకున్నాడు. కానీ ఆశా అక్క ఇంటికొచ్చి అడిగుంటే ఆమెకి చెప్పేవాడు.

ఖర్చు లెక్క, ఏ ఆస్పత్రిలో ఎన్ని ఫ్రీజర్లు కావాలన్నది మా టెక్నీషియన్లం కొందరం కలిసి రాసి పెట్టాం. ఏ రోజు రమ్మంటే ఆ రోజు, డ్యూటీ మార్చుకునైనా, కాగితాలతో వస్తాం.

ఇట్లు,
ఒక హిస్టోపాథాలజీ టెక్నీషియన్, హైదరాబాద్