కిరాయి గదుల్లో పిల్లుల గోస

సంపాదకులకు నమస్కారం.

వీధి కుక్కల మీద సుప్రీంకోర్టు దాకా చర్చ నడిచింది. మన హనుమకొండ, కాజీపేటల్లోనూ నలుగురు కూడిన చోట ఆ మాట వస్తూనే ఉంది. ఆ సందట్లో ఎవరి కంటా పడని ప్రాణాలు కొన్ని మూసిన తలుపుల వెనక ఉన్నాయి. కిరాయి గదుల్లో, ఫ్లాట్లలో సరదాకి తెచ్చుకుని ఆ తర్వాత పట్టించుకోకుండా వదిలేస్తున్న పిల్లుల గురించి నాలుగు మాటలు చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

నిట్, కాకతీయ యూనివర్సిటీ, మెడికల్ కాలేజీ, లెక్కలేనన్ని కోచింగ్ సెంటర్లు ఉన్న ఊరు మనది. నయీంనగర్ నుంచి హంటర్ రోడ్డు దాకా ఎటు చూసినా ఇద్దరు ముగ్గురు కలిసి కిరాయికి ఉండే ఇళ్లే. ఉద్యోగం చేసుకుంటూ నేనూ అలాంటి ఇంట్లోనే ఉంటున్నాను. నాతో ఉండే అమ్మాయికి రెండు పిల్లులున్నాయి. ఒకటి డబ్బు పెట్టి హైదరాబాద్ నుంచి తెచ్చుకున్న పర్షియన్, ఇంకోటి మా సందులోనే దొరికిన చారల పిల్లి. ఆమె చెడ్డ మనిషి కాదు. వాటిని ఒళ్లో కూర్చోబెట్టుకుని ఫొటోలు దిగుతుంది, బిడ్డా అని పిలుస్తుంది. కానీ డ్యూటీకి పోతే ఎప్పుడొస్తుందో తెలియదు, వచ్చాక అలసిపోయి పడుకుంటుంది. పొద్దున పెట్టిన పెరుగన్నం సాయంత్రానికి గిన్నెలో ఎండి అట్టకట్టి ఉంటుంది. నీళ్ల మీద వెంట్రుకలు తేలుతుంటాయి. కడుతున్న ఇంటి ముందు నుంచి ఇసుక తెచ్చి టబ్బులో పోసింది గానీ దాన్ని ఎత్తిపోసేది ఎప్పుడో ఒకసారి. మురికిగా ఉన్న ఇసుకలోకి పిల్లి పోదు, మూలమూలలా తడుపుతుంది. అప్పుడు దెబ్బలు తినేది కూడా ఆ పిల్లే.

పర్షియన్ పిల్లికి బొచ్చు రోజూ దువ్వాలి, లేకపోతే జడలు కడుతుంది. దాని ముందుకాలి చంకలో కట్టిన బొచ్చు ఉండ ఒకదాన్ని వేళ్లతో విడదీయబోతే గట్టిగా అరిచి పళ్లు చూపించింది. మెల్లగా బొచ్చు పక్కకు తీసి చూస్తే కింద చర్మం ఎర్రగా కమిలి, చెమ్మగా ఉంది. అడుగు వేసినప్పుడల్లా ఆ ముడి చర్మాన్ని గుంజుతోంది. ఆడుకోవడం మానేసి ఎప్పుడూ మంచం కిందే పడుకుంటోందంటే కారణం అదీ. దానికి బద్ధకం ఎక్కువని మా రూమ్మేట్ అందరికీ నవ్వుతూ చెప్పేది.

చెప్పి చూశాను. "నా పిల్లులు, నేను చూసుకుంటా. నీకెందుకక్కా అంత టెన్షన్?" అంది. ఇది మా ఇద్దరి మధ్య గొడవ మాత్రమే అయితే పత్రికకు రాసేదాన్ని కాదు. మా ఆఫీసులో ఈ మాట తీస్తే, తమ రూముల్లోనూ ఇదే కథ అని చెప్పినవాళ్లున్నారు. కొన్నది ఒకరు, కొన్నవాళ్లు పట్టించుకోకపోతే చూస్తూ బాధపడేది ఇంకొకరు. ఎవరికి చెప్పుకోవాలో ఎవరికీ తెలియదు.

పెంచేవాళ్లలో చాలామందికి అసలు పిల్లికి ఏం కావాలో తెలియదన్నది నాకు ఈమధ్యే బాగా అర్థమైంది. పిల్లి అనగానే పాలు, పెరుగన్నం గుర్తొస్తాయి. నిజానికి పెద్దయిన పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు, కడుపు చెడి విరేచనాలవుతాయి. పిల్లి పుట్టుకతోనే మాంసం మీద బతికే జంతువు. టారిన్ అనే పోషకం దానికి తప్పనిసరి. అది మాంసంలో, చేపల్లో ఉంటుంది గానీ అన్నంలో ఉండదు. ఆ పోషకం చాలినంత అందకపోతే కొన్నాళ్లకు చూపు, గుండె దెబ్బతింటాయి. ఉల్లి, వెల్లుల్లి పడ్డ కూర మెతుకులు పెట్టడమైతే విషం పెట్టడమే. ఎలుకలు పట్టుకుని బతుకుతుందిలే అంటారు. మూడో అంతస్తులో, కిటికీలకు జాలీ కొట్టిన గదిలో దానికి ఎలుకలు ఎక్కడి నుంచి వస్తాయి?

జబ్బు చేసినప్పుడు ఆలస్యం ఇంకా ప్రమాదం. పిల్లి తన నొప్పిని అంత తేలిగ్గా బయటపడనివ్వదు. రెండు మూడు రోజులు వరసగా తిండి మానేస్తే కాలేయంలో కొవ్వు పేరుకుని ప్రాణం మీదికి వస్తుంది. మగపిల్లి మాటిమాటికీ ఇసుకలో కూర్చుని, చుక్క మూత్రం రాక అరుస్తుంటే ఆదివారం తీసుకుపోదాంలే అనుకోకూడదు. మూత్రం దారి పూర్తిగా మూసుకుపోతే ఒకటి రెండు రోజుల్లోనే చనిపోవచ్చు. ఒళ్లు వేడిగా ఉందని మనం వేసుకునే పారాసిటమాల్ ముక్క దాని నోట్లో వేసేవాళ్లున్నారు. అది పిల్లులకు ప్రాణాంతకం. దయచేసి ఈ ఒక్క మాటైనా మీ పత్రిక పెద్ద అక్షరాల్లో వేయాలని కోరుతున్నాను.

పండుగ సెలవుల సంగతి వేరే చెప్పాలి. సద్దుల బతుకమ్మకు, సంక్రాంతికి ఊరెళ్లేవాళ్లు గిన్నె నిండా మేత పోసి, బయట తాళం వేసి పోతారు. గిన్నె ఒలికితే నీళ్లు లేవు, జబ్బు చేస్తే చూసేవాళ్లు లేరు. ఎండాకాలం ఇంకా ఘోరం. మన దగ్గర మే నెలలో 43, 44 డిగ్రీలు కొత్త కాదు. రేకుల గదిలో ఫ్యాను కూడా లేకుండా బొచ్చు పిల్లిని బంధించి పోవడాన్ని ఏమనాలో నాకు మాటలు రావడం లేదు.

పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించకపోవడం వల్ల వచ్చే బాధ ఇంకోటి. ఆడపిల్లి నాలుగైదు నెలలకే ఎదకు రావచ్చు. చూలు కట్టాక రెండు నెలలకు ఈనుతుంది, పిల్లలు పాలు తాగుతుండగానే మళ్లీ చూలు కట్టగలదు. ఆ పిల్లలు ఎవరికి కావాలి? అట్టపెట్టెలో పెట్టి చేపల మార్కెట్ దగ్గరో, గుడి వెనకో వదిలేసి వస్తారు. కళ్లు సరిగా తెరవని పిల్లలు వీధి కుక్కల మధ్య ఎంతసేపు బతుకుతాయి?

చట్టం లేక కాదు. జంతువులపై క్రూరత్వ నిరోధక చట్టం 1960లోనే వచ్చింది. పెంచుకునే జంతువు బాగోగులు చూడటం యజమాని బాధ్యత అని దాని 3వ సెక్షన్ చెబుతోంది. చాలినంత తిండి, నీళ్లు, నీడ ఇవ్వకపోవడం, ఆకలితో అలమటించేలా వదిలేయడం 11వ సెక్షన్ కింద నేరం. శిక్ష ఎంతంటే, మొదటిసారి 10 నుంచి 50 రూపాయల జరిమానా. మూడేళ్లలోపు మళ్లీ అదే పని చేస్తే 25 నుంచి 100 రూపాయలు, లేదా మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ. జంతువును చంపితేనో, అవిటిదాన్ని చేస్తేనో భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద ఐదేళ్ల దాకా జైలు ఉంది. రోజూ కొంచెం కొంచెం మాడ్చితే మాత్రం ఒక చాయ, రెండు సమోసాల ఖర్చు. అరవై ఏళ్ల కిందటి ఆ రూపాయల లెక్క మార్చాలని మన ఎంపీలు పార్లమెంటులో గట్టిగా అడగాలి.

అయితే రూమ్మేట్ మీద పోలీసు కేసు పెట్టాలని నా కోరిక కాదు. ఇరవై రెండేళ్ల అమ్మాయిని స్టేషన్‌కు ఈడిస్తే పిల్లుల కడుపు నిండదు. ఆమెకు ఎవరైనా తెలిసినవాళ్లు, పెద్దరికం ఉన్నవాళ్లు వచ్చి చెబితే వింటుందని నా నమ్మకం. జడలు కట్టిన బొచ్చు చూపించి, అది ఎంత నొప్పి పెడుతుందో ఒక పశువైద్యుడు రెండు నిమిషాలు చెబితే చాలు. నేను చెబితే అది సాధింపులా వినిపిస్తోంది. ఆమె లేనప్పుడు నీళ్లు మారుస్తున్నాను, చేప ఉడికించి పెడుతున్నాను. కానీ యజమాని ఒప్పుకోకుండా దవాఖానకు తీసుకుపోయి సూదులు వేయించే హక్కు నాకు లేదు. రేపు దానికి ఏమైనా అయితే నింద నా మీదికే వస్తుంది.

2001 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం ప్రతి జిల్లాలో జంతువులపై క్రూరత్వాన్ని నిరోధించే సంఘం ఉండాలి. హనుమకొండ, వరంగల్ జిల్లాల కలెక్టర్లు ఆ సంఘంలో ఎవరెవరున్నారో, ఏ నంబరుకు ఫోన్ చేయాలో పశువుల దవాఖానల గోడల మీద, కాలేజీ నోటీసు బోర్డుల మీద రాయించాలి. ఫిర్యాదు రాగానే ముందు ఇంటికి వచ్చి మాట్లాడి, ఎలా చూసుకోవాలో నేర్పి, కొన్నాళ్లు గడువిచ్చి, అప్పటికీ మారకపోతేనే జంతువును వేరేవాళ్లకు అప్పగించే ఏర్పాటు చేయాలి. 1962 నంబరుకు ఫోన్ చేస్తే వచ్చే సంచార పశువైద్య వాహనం ప్రధానంగా ఆవులు, గేదెలు, మేకల కోసమని అందరికీ తెలుసు. రైతుకు ఆ అవసరం ఎక్కువే, దాన్ని నేను కాదనను. పట్నంలో పిల్లులకు వారంలో ఒక పూట కేటాయించినా మేలే.

మామునూరులో పశువైద్య కళాశాల ఉంది. అక్కడి విద్యార్థులు, అధ్యాపకులు నెలకోసారి హనుమకొండలో పిల్లుల శిబిరం పెట్టి, తక్కువ ఖర్చులో కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు, టీకాలు అందిస్తే ఎంతోమందికి ఉపయోగం. ఏటా జూలై 6న, జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల మీద అవగాహన కోసం జరిపే జూనోసిస్ డే నాడు కుక్కలకు వేసే రేబిస్ టీకా పిల్లులకూ అవసరమేనని గట్టిగా ప్రచారం చేయాలి. పిల్లి కాటుతోనూ రేబిస్ రావచ్చు కదా. ఇళ్ల ఓనర్లకూ ఒక విన్నపం. గది ఇచ్చేటప్పుడే పిల్లి ఉందా, దానికి టీకాలు వేయించారా, ఊరెళ్తే ఎవరు చూస్తారు అని అడిగి అగ్రిమెంట్‌లో రాయించండి. పిల్లి ఉందని తెలియగానే ఖాళీ చేయమంటే, మొదట రోడ్డున పడేది ఆ పిల్లే.

అధికారులు స్పందించి ఆ సంఘం ఫోన్ నంబరు ప్రకటిస్తే మీ పత్రికలో జిల్లా పేజీలో వేయగలరు. మొదటి ఫోన్ నేనే చేస్తాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
హనుమకొండ