అరెస్టుకు మొదటి పేజీ, విడుదలకు ఏ పేజీ?

సంపాదకులకు నమస్కారం.

ముంబయి లోకల్ రైళ్ల పేలుళ్ల కేసులో 12 మందినీ నిర్దోషులని బొంబాయి హైకోర్టు 2025 జూలై 21న తీర్పు చెప్పినప్పటి నుంచి ఈ ఉత్తరం రాయాలనుకుంటున్నాను. నేను ఒక సెషన్స్ కోర్టులో 31 ఏళ్లు స్టెనోగా చేసి రిటైరయ్యాను. జడ్జిగారు చెబుతుంటే రాసుకుని టైపు కొట్టడం నా పని. తీర్పు చెప్పేది నేను కాదు కాబట్టి దాని పాపం నాకు అంటదని చాలా ఏళ్లు అనుకున్నాను.

2006లో జరిగిన ఆ పేలుళ్లలో 180 మందికి పైగా చనిపోయారు. 2015లో ప్రత్యేక కోర్టు ఆ 12 మందిలో ఐదుగురికి ఉరి, ఏడుగురికి యావజ్జీవం వేసింది. ఉరిశిక్ష పడినవాళ్లలో ఒకరు 2021లో జైల్లోనే పోయారు. నిందితులు పోలీసుల ముందు ఇచ్చారన్న వాంగ్మూలాల్లో కొన్ని భాగాలు ఒకదానికొకటి నకలు తీసినట్టున్నాయని హైకోర్టు గమనించింది. ప్రభుత్వం అప్పీలుకు వెళ్లింది. ఆ తీర్పును వేరే కేసుల్లో ప్రమాణంగా చూపకూడదని సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది, విడుదలైనవాళ్లను మాత్రం మళ్లీ జైలుకు రమ్మనలేదు. అది అక్కడ తేలుతుంది. నాకు తెలిసింది ఆ నకలు సంగతి.

మనుషులు ఎలా మాట్లాడతారో కోర్టు స్టెనోకి తెలుస్తుంది. దొంగతనం గురించి అడిగితే బోనులో ఒకాయన ముందు తన గేదెకు వచ్చిన జబ్బు చెప్పుకొస్తాడు. ఇంకొకరు ‘అవునండి’ దాటి నోరు విప్పరు. ఏ ఇద్దరూ ఒక్కలా చెప్పరు. కానీ స్టేషన్ నుంచి వచ్చే ఒప్పుకోలు వాంగ్మూలాల్లో మాత్రం అందరూ ‘సుమారు రాత్రి 8 గంటల సమయమున నేనునూ, పై తెలిపిన వారునూ కలిసి’ అనే మాట్లాడతారు.

20 ఏళ్ల కుర్రవాడు ఒకడు గుర్తున్నాడు. ముస్లిం, లారీల షెడ్డులో హెల్పరు. దోపిడీ, హత్య కేసు. వాడికొచ్చింది ఇంట్లో మాట్లాడే ఉర్దూ, షెడ్డులో నేర్చుకున్న ముక్కల తెలుగు. వాడి పేరు మీద ఉన్న వాంగ్మూలం మూడు పేజీల శుద్ధమైన ఆఫీసు తెలుగు. కింద సంతకం ఉర్దూలో. జడ్జిగారూ చూశారు, వకీలూ చూశారు, నేనూ చూశాను. లంచ్‌లో బెంచి క్లర్కూ నేనూ దాని గురించి నవ్వుకున్నాం కూడా. ఇప్పుడు తలుచుకుంటే ఆ నవ్వే నన్ను తినేస్తోంది.

పోలీసుల ముందు ఒప్పుకున్నది సాక్ష్యంగా చెల్లదని సాక్ష్య చట్టం 25వ సెక్షన్ 1872 నుంచీ చెబుతూనే ఉంది, కొత్త చట్టంలో అది 23. అయితే ఆ మాటల ఆధారంగా వస్తువు ఏదైనా దొరికితే, అంతమేరకు చెల్లుతుంది. అందుకే ప్రతి ఒప్పుకోలు వెనకాలా ఒక కత్తి దొరుకుతుంది, అది దొరికినట్టు సంతకం చేయడానికి ఇద్దరు మధ్యవర్తులు దొరుకుతారు. మా కుర్రవాడి కేసులో సంతకం చేసిన ఇద్దరూ అంతకుముందే రెండు కేసుల్లో అదే స్టేషన్‌కి మధ్యవర్తులు. వాళ్ల పేర్లు టైపు చేసింది నేనే కాబట్టి నాకు తెలుసు. వాడికి యావజ్జీవం పడింది. ఉగ్రవాదం కేసులకని తెచ్చి తర్వాత తీసేసిన టాడా, పోటా, ముఠా నేరాల కోసం మహారాష్ట్ర తెచ్చిన మోకా లాంటి చట్టాలైతే ఈ కత్తి తంటా కూడా పెట్టలేదు. వాటి కింద ఎస్పీ స్థాయి అధికారి రాసుకున్న ఒప్పుకోలు నేరుగా సాక్ష్యమే.

ఏడేళ్ల తర్వాత హైకోర్టు వాణ్ని వదిలేసింది. సర్టిఫైడ్ కాపీ కోసం వచ్చాడు. జుట్టు అప్పుడే నెరుస్తోంది. తీర్పు ఇంగ్లీషులో ఉంటే చివరి పేజీ చదివి చెప్పమన్నాడు. ‘బెనిఫిట్ ఆఫ్ డౌట్ కింద వదిలేశారు’ అన్నాను. ‘డౌట్ ఏంటి సార్? ఇంకా నా మీద డౌట్ ఉందనా?’ అన్నాడు. ఆ డౌట్ నీ మీద కాదు, వాళ్ల సాక్ష్యం మీద అని చెప్పాను. వాడు తలూపాడు గానీ నమ్మలేదు. నేను చెప్పిన తీరూ నమ్మేలా లేదేమో. తర్వాత ఆ పేజీ లామినేషన్ చేయించుకుని, అద్దె ఇల్లు అడగడానికి వెళ్లినప్పుడల్లా చూపిస్తున్నాడని విన్నాను.

ఇక మీ సంగతి. వాడు అరెస్టయిన రోజు ముఖానికి ముసుగు వేసి విలేకరుల ముందు నిలబెట్టారు. నేను తెప్పించుకునే పత్రికలోనే మొదటి పేజీలో నాలుగు కాలాల ఫోటో. ముసుగు వేశారు గానీ పేరు, బస్తీ, తండ్రి చేసే పని అన్నీ అచ్చయ్యాయి. విడుదల వార్త ఎక్కడ వేశారో వారం రోజులు వెతికాను. కనబడలేదు.

పెద్ద కేసులకూ ఇంతే. అక్షరధామ్ దాడి కేసులో ఆరుగురిని, వాళ్లలో ముగ్గురు ఉరిశిక్ష పడినవాళ్లు, సుప్రీంకోర్టు నిర్దోషులని వదిలింది 2014 మే 16న. అది లోక్‌సభ ఎన్నికల ఫలితాలు వచ్చిన రోజు. ఆ వార్త ఎంతమందికి కనిపించి ఉంటుంది? పరిహారం కావాలని తర్వాత వాళ్లు అడిగితే కోర్టు ఒప్పుకోలేదు. అదే 2014లో న్యూయార్క్ నగరం, 1989లో చేయని నేరానికి జైలుపాలైన ఐదుగురు నల్లజాతి, లాటినో కుర్రవాళ్లకు దాదాపు 4 కోట్ల 10 లక్షల డాలర్లు ఇచ్చింది. అరెస్టయినప్పుడు వాళ్ల వయసు 14 నుంచి 16 ఏళ్లు. వాళ్లనూ పోలీసులు తీసుకున్న ఒప్పుకోళ్లే ముంచాయి.

మన హైదరాబాద్‌లో 2007 మక్కా మసీదు పేలుడు తర్వాత పట్టుకుపోయి, ఆనక వదిలేసిన యువకులకు అప్పటి ప్రభుత్వం కొందరికి 3 లక్షలు, కొందరికి 20 వేల చొప్పున ఇచ్చి, మంచి నడవడిక సర్టిఫికెట్లూ ఇచ్చింది. 2013లో హైకోర్టు ఆ జీవో కొట్టేసింది. విజయవాడ హాస్టల్‌లో ఒక విద్యార్థిని హత్య కేసులో దళిత యువకుడికి శిక్ష పడితే, 2017 మార్చి 31న హైకోర్టు నిర్దోషి అంది, లక్ష రూపాయలు ఇమ్మంది. ఆ అమ్మాయి తల్లిదండ్రులు మాత్రం మొదటి నుంచీ అతను కాదనే అన్నారు. వాళ్ల గోడు ఎవరు విన్నారు? తప్పుడు మనిషిని లోపల వేస్తే బిడ్డను పోగొట్టుకున్నవాళ్లకూ అన్యాయం జరిగినట్టే కదా.

తప్పుడు ప్రాసిక్యూషన్లకు పరిహారం ఇచ్చే చట్టం తేవాలని లా కమిషన్ 2018లో 277వ నివేదికలో చెప్పింది. అది ఢిల్లీ పని. మీ చేతిలో ఉన్నవి రెండు. అరెస్టు వార్త ఏ పేజీలో ఎంత సైజులో వేశారో, నిర్దోషి అని తేలినప్పుడు అదే పేజీలో అంతే సైజులో వేయండి. రెండోది, మీ వెబ్‌సైట్‌లో పడి ఉన్న పాత అరెస్టు వార్తల కింద ‘ఈ కేసులో ఇతను నిర్దోషిగా విడుదలయ్యాడు’ అని తేదీతో ఒక్క లైను చేర్చండి. ఇల్లు అద్దెకిచ్చేవాళ్లు ఇప్పుడు లామినేషన్ కాగితం చూడటం లేదు, ఫోన్‌లో పేరు కొట్టి చూస్తున్నారు.

నా పేరు వేయకండి. ఆ కుర్రవాడు ఎవరో మా ఊళ్లో తెలిసిపోతుంది.

— ఒక రిటైర్డ్ కోర్టు స్టెనో