మాలా-ఎన్ చేతిలో పెట్టి పంపేస్తే సరిపోదు

సంపాదకులకు నమస్కారం.

మొన్న మా వీధిలో అమ్మాయి ఒకామె ఏడుస్తూ వచ్చింది. మూడో నెలట. "గర్భం రాకుండా మాలా-ఎన్ మాత్రలు వేసుకుంటూనే ఉన్నా సిస్టరమ్మా, అయినా నిలిచింది, అవి దొంగ మాత్రలు" అంది. స్ట్రిప్ తెమ్మన్నాను. అత్తగారికి కనబడకుండా బియ్యం డబ్బా వెనక దాచిందట, తెస్తే చూశాను, అక్కడొకటి ఇక్కడొకటి ఖాళీగా ఉన్నాయి. వాళ్లాయన లారీ డ్రైవరు, నెలకు రెండు మూడుసార్లు ఇంటికొస్తాడు, ఆయనొచ్చిన రాత్రులే వేసుకుందట! ఎలా వాడాలో ఆమెకి ఎవరూ చెప్పలేదు. ఏఎన్ఎంగా చేసి రిటైరయ్యాను, ఇలాంటివి ఎన్నో చూశాను, అందుకే ఈ ఉత్తరం.

ఈ మాత్ర ఆ పూటకు పనిచేసేది కాదండీ. ఇందులోని హార్మోన్లు రోజూ ఒంట్లో పడుతుంటేనే అండం విడుదల కాకుండా ఆగుతుంది, గర్భసంచి మూతి దగ్గర జిగురు చిక్కబడి వీర్యకణాలు లోపలికి పోలేవు. స్ట్రిప్‌లో 28 ఉంటాయి. 21 హార్మోన్‌వి, చివరి 7 ఐరన్‌వి. ఆ ఐరన్ మాత్రల రోజుల్లో నెలసరి వస్తుంది, అవి అయిపోయిన మర్నాడే కొత్త స్ట్రిప్ మొదలుపెట్టాలి, నెలసరి ఇంకా తగ్గకపోయినా సరే. చాలామంది దెబ్బతినేది ఇక్కడే. అప్పటికే ఏడు రోజులు హార్మోన్ లేదు, పైన ఇంకో రెండు మూడు రోజులు ఆలస్యం చేస్తే అండం విడుదలైపోవచ్చు.

హార్మోన్ మాత్ర ఒకటి మర్చిపోతే గుర్తురాగానే వేసేసుకోవాలి, ఆ రోజుది ఎప్పటి వేళకే, ఒకే రోజు రెండు పడినా టెన్షన్ అక్కర్లేదు. రెండు, అంతకు మించి తప్పితే మాత్రం మళ్లీ వరుసగా ఏడు రోజులు మాత్రలు పడేదాకా కండోమ్ వాడాల్సిందే. టీబీకి ఇచ్చే రిఫాంపిసిన్, కొన్ని మూర్ఛ మందులు దీని బలం తగ్గించేస్తాయి. బీపీ ఉన్నవాళ్లు, రక్తం గడ్డకట్టే జబ్బు ఉన్నవాళ్లు, చంటిబిడ్డకు పాలిచ్చే తల్లులు డాక్టరును అడగకుండా మొదలుపెట్టకూడదు.

ఒక్కటి కూడా తప్పకుండా వాడితే ఏడాదిలో వెయ్యిమందిలో ముగ్గురికి మించి గర్భం రాదు. మర్చిపోతూ, ఆలస్యం చేస్తూ వాడేవాళ్లలో నూటికి దాదాపు ఏడుగురికి వస్తుంది. ఇంత తేడా వాడకంలోనే ఉంది, మందులో లేదు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన ఆడవాళ్లలో దాదాపు 70 శాతం మంది కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే, మాత్రలు వాడేవాళ్లు ఒక శాతం కూడా లేరు. మొదటి కాన్పుకీ రెండో కాన్పుకీ మధ్య ఎడం కావాలనుకునే అమ్మాయిలకి ఆపరేషన్ ఎలా పనికొస్తుంది?

స్ట్రిప్ ఇచ్చేటప్పుడు ఐదు నిమిషాలు కూర్చోబెట్టి చెప్పమని, వీలైతే భర్తను కూడా పిలవమని పీహెచ్‌సీల సిబ్బందిని కోరుతున్నాను. మీరు కూడా మీ మహిళల పేజీలో ఒక స్ట్రిప్ బొమ్మ వేసి, మర్చిపోతే ఏం చేయాలో పెద్ద అక్షరాల్లో ఒక్కసారి అచ్చువేయండి. కత్తిరించి నేనే ఇంటింటికీ ఇచ్చొస్తాను.

– ఒక రిటైర్డ్ ఏఎన్ఎం, గుంటూరు జిల్లా