చిట్టికి, బబ్లూ సంగతులు

కాజీపేట

బిడ్డా చిట్టీ,

ఇక్కడ అందరం బాగున్నాం. మీ అమ్మ మోకాలు తగ్గిందంటుంది కానీ మెట్లెక్కేటప్పుడు గోడ పట్టుకుంటుంది. నీ గొంతు విని చాలా రోజులైంది. పని ఎక్కువై ఉంటుందిలే. మెసేజ్‌లకు నీలం టిక్కులు పడుతున్నాయి కాబట్టి ధైర్యంగానే ఉన్నాం. ఇది కాగితం మీద రాస్తున్నా, చిన్నోడు ఫోటో తీసి పంపుతాడు.

మొన్న రాజన్న కొడుకు కలిశాడు. నిన్ను చిక్కడపల్లి లైబ్రరీ దగ్గర చూశానన్నాడు, అదీ మంగళవారం మధ్యాహ్నం, చేతిలో లావు పుస్తకాలతో. ఆఫీసు మాదాపూర్‌లో కదా, ఎవరో నీలాంటి పిల్లై ఉంటుందన్నాను. అది వదిలెయ్యి. నీ బబ్లూ సంగతి చెప్తా.

మేడారం జాతరకు పోతూ దాన్ని లచ్చక్కకు అప్పజెప్పాం. తిరిగొచ్చేసరికి లచ్చక్క గుమ్మంలో కూర్చుని ఏడుస్తోంది, పిల్లి కనబడటం లేదని. మీ అమ్మ బ్యాగు కూడా దించకుండా 'బబ్లూ, బబ్లూ' అంటూ గల్లీ అంతా తిరిగింది. చిన్నబాపు టార్చిలైటు పట్టుకుని లోకో షెడ్డు గోడ దాకా పోయొచ్చాడు. కుక్కలు తరిమాయేమోనని ఒకరు, ఎవరో సంచిలో వేసుకుపోయారని ఒకరు. నాకు కాళ్ళు లాగి, ఇంట్లోకొచ్చి మంచం మీద ఒరిగాను. పైన సజ్జ మీద, గంగాళానికీ బతుకమ్మ తాంబాళానికీ మధ్య రెండు చెవులు! బయట మీ అమ్మ పిలిచినప్పుడల్లా ఒక చెవి అటు తిరుగుతోంది. చిన్నబాపు పిలిస్తే రెండోది. ఒళ్ళు మాత్రం ఇంచు కదలదు. నేను చేతులు చాచి బతిమాలినా కళ్ళు మూసుకుంది. చివరికి చిన్నబాపు వచ్చి ఎండు చేపల డబ్బా మూత తీశాడు. ఆ చప్పుడుకు దూకిన దూకుడుకు గంగాళం కిందపడి సొట్టపోయింది. అది మీ నాయనమ్మ గంగాళమని మీ అమ్మ ఇప్పటికీ సణుగుతోంది.

పిల్లులు మన పిలుపును గుర్తుపడతాయా అని జపాన్‌లో పరిశోధనలే చేశారట, చిన్నోడు చదివి చెప్పాడు. అత్సుకో సైతో అనే ఆవిడ 2013లో 20 పిల్లులకు గొంతులు వినిపించింది. కొత్తవాళ్ళు పిలిచినప్పటికంటే యజమాని పిలిచినప్పుడు చెవులు, తల ఎక్కువగా తిప్పాయి. తిరిగి అరవడం, తోక ఆడించడం మాత్రం తక్కువే. 2019లో ఇళ్ళలోవీ, ఒక పిల్లుల కేఫ్‌లోవీ (టీ తాగుతూ పిల్లులతో ఆడుకునే హోటల్లే) కలిపి 78 పిల్లుల మీద ఇంకోటి చేశారు. పేరంత పొడవే ఉండే మామూలు మాటలు వరసగా చెప్పి, అవి విసుగెత్తి పట్టించుకోవడం మానేశాక పేరు పలికేవాళ్ళు. ఇళ్ళలో పెరిగినవి పేరును పసిగట్టాయి, కొత్త గొంతు పలికినా సరే. కేఫ్ పిల్లులు మాత్రం తమ పేరుకూ తోటి పిల్లి పేరుకూ తేడా కనిపెట్టలేకపోయాయట. అది తన పేరని పిల్లికి తెలుసని ఆవిడ అనలేదు. ఆ మాట వెనక తిండో, ఆటో, ఇంకేదో వస్తుందని నేర్చుకుంటుందంతే.

చిన్నోడు ఊరుకుంటాడా? 'బకెట్, చీపురు, స్టూలు, ప్లేటు' అని వరసగా చదివాడు. బబ్లూ నిద్ర నటించింది. పేరు పలికితే చెవి ఆడింది. తర్వాత నీ పాత వాయిస్ మెసేజ్ పెట్టాడు, తల ఎత్తి తలుపు వైపు చూసింది. మీ అమ్మ లేచి వంటింట్లోకి పోయింది.

జంక్షన్ పక్కన పుట్టిన పిల్లి కదా, రైలు కూతకు ఉలకదు. పాల ప్యాకెట్ కత్తిరిస్తే మాత్రం మిద్దె మీద నుంచి ఉరుకుతుంది, నా ఎక్స్‌ఎల్ బండి గల్లీ మలుపు తిరగ్గానే గేటు దగ్గర ఉంటుంది. కీచు శబ్దం 20 వేల హెర్ట్జ్ దాటితే మనకు వినబడదు, దానికి 85 వేల దాకా వినబడుతుందట. కాబట్టి పిలుపు వినబడక కాదు, గుర్తుపట్టకా కాదు. రాదు, అంతే. నిన్ననడం లేదు.

ఒకవేళ, ఒకవేళనే అంటున్నా, ఏ పిల్లైనా ఉద్యోగం మానేసి గ్రూప్స్‌కు కూర్చుంటే తప్పని నేననను. కానీ 2022 నోటిఫికేషన్ గ్రూప్-1 ప్రిలిమ్స్ రెండుసార్లు రద్దైంది, ఆ పిల్లల వయసు ఎవరు తిరిగిస్తారు? చేతిలో ఏడాదికి సరిపడా డబ్బుండాలి, వేళకు తినాలి, రాత్రి రెండింటి దాకా మేల్కొని పొద్దున టీతో కడుపు నింపుకోవద్దు. ఉపన్యాసం ఇవ్వనని మీ అమ్మకు మాటిచ్చాను. ఇవ్వడం లేదు. ఐరన్ గోలీలు అయిపోయాయా?

సంక్రాంతికి రాలేదని మీ అమ్మ మళ్ళీ సకినాలు చుట్టింది. హనుమకొండ బస్టాండ్‌లో కార్గోకు వేస్తాను. మాదాపూర్ హాస్టల్‌కా, చిక్కడపల్లి వైపా, అడ్రస్ ఒక్కటి పెట్టు. కారణాలు నేనడగను. మీ అమ్మ అడుగుతుంది, ఆమెను ఆపడం నా వల్ల కాదు. నీ ఖాతాలో కొంచెం వేశాను, వెనక్కి పంపకు. సకినాల డబ్బా మూత గట్టిగా పెట్టుకో, మెత్తబడతాయి.

మీ బాపు