సౌర ఫలకాల లెక్క సగంలో ఆపవద్దు

సంపాదక మహాశయా,

ఇంటి పైకప్పు మీద సౌర ఫలకాలు పెట్టించుకోవడం లాభమా అన్న ప్రశ్నకు చాలామంది పెట్టుబడిని ఏడాది పొదుపుతో భాగించి, వచ్చిన అంకెనే జవాబుగా తీసుకుంటున్నారు. ఆ భాగహారం తప్పు కాదు, అది లెక్కకు ఆరంభం మాత్రమే. ఫలకాల ఉత్పత్తి ఏటా సుమారు 0.5 శాతం తగ్గుతుంది. వాటికి 25 ఏళ్ల హామీ ఉన్నా, ఫలకాల విద్యుత్తును ఇంటి వాడకానికి తగినట్టు మార్చే ఇన్వర్టర్‌ను సాధారణంగా 10 నుంచి 15 ఏళ్లలో మార్చవలసి వస్తుంది. ఆ ఖర్చును అమ్మకందారుల అంచనా కాగితంలో నేనైతే ఇంతవరకు చూడలేదు.

అన్నిటికంటే ముఖ్యం, మనం పగటిపూట ఎంత విద్యుత్తు వాడతామన్నది. మనం వాడగా మిగిలి విద్యుత్ సంస్థకు వెళ్లే యూనిట్‌కు మనం కొనే ధరే కట్టే నెట్ మీటరింగ్ ఉన్నచోట ఈ తేడా అంతగా పట్టదు గాని, మిగులుకు తక్కువ ధర ఇచ్చేచోట, పగలంతా తాళం వేసి ఉండే ఇంటికీ, మోటారు, వాషింగ్ మెషిన్ పగలే నడిపే ఇంటికీ రాబడిలో పొంతనే ఉండదు. బ్యాటరీతో ఆ లోటు తీరుతుందనేవారు దాని ధరను, ఆయుష్షును కూడా లెక్కలో కలపాలి.

అప్పు తెచ్చేవారు వడ్డీని, సొంత సొమ్ము పెట్టేవారు అదే సొమ్ముపై డిపాజిట్‌లో వచ్చే రాబడిని పోల్చి చూసుకోవాలి. అయితే డిపాజిట్ వడ్డీపై చాలాచోట్ల పన్ను పడుతుంది, బిల్లులో మిగిలిన సొమ్ముపై సాధారణంగా పడదు. త్వరలో మరమ్మతు చేయించవలసిన కప్పు అయితే ఆ పని ముందే ముగించాలి, లేకుంటే ఫలకాలను దింపి మళ్లీ బిగించే కూలి అదనం.

ఇట్లు,
ఒక పాఠకుడు